ఒక ఖాళీ గడి కోసం ఆదోని, ఎమ్మిగనూరు

నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది ఒకామె తప్పు ఆమెకు చూపించడానికి. ఇది ముందే చెప్పేస్తే మంచిది. దారిలో ఎన్ని అందమైనవి చూసినా ఆ ఉద్దేశం నా సంచిలోనే ఉంది, మందుల డబ్బా పక్కన, నాలుగు మడతలు పెట్టిన కాగితం రూపంలో.

ఆమె పేరు ఉరుకుందమ్మ. ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో పడుగు పోస్తుంది. పడుగు అంటే చీరలో నిలువుగా సాగే దారాలు. నేతకు ముందు వాటిని లెక్క ప్రకారం పరిచి, చుట్టి, నేసేవారికి అందివ్వాలి. నేను ఉండేది తెనాలిలో. చేనేత నేర్పే బడిలో ఇరవై తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక కంప్యూటరు నేర్చుకుని, ఆ లెక్కల పట్టికలన్నీ ఒక వెబ్ పేజీగా రాశాను. ఇన్ని అంగుళాల వెడల్పుకు, ఈ నంబరు అచ్చుకు, ఇన్ని పుంజాలు. అచ్చు అంటే పోగులను విడివిడిగా నిలబెట్టే దువ్వెన లాంటి చట్రం. పుంజం అంటే నూట ఇరవై పోగులు. పేజీలో బొమ్మలు లేవు, రంగులు లేవు. నల్ల అక్షరాలు, గీతలు, అంకెలు. అడుగున నా ఫోన్ నంబరు.

తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆ నంబరుకు ఫోన్ వచ్చింది.

"లెక్కలమ్మేనా? నీ పేజీ నా ఫోన్లో తెరుచుకుంటాది. వేరేవి ఏవీ తెరుచుకోవు. అది సెప్పల్లని చేసినా."

అప్పటి నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన చేసేది. ఏ పడుగు పోసింది, ఏ అచ్చు కొత్తగా వచ్చింది, నా పట్టికలో ఏ వెడల్పు లేదు, అన్నీ చెప్పేది. డైరీలు తిరగేస్తే నూట ఆరు ఫోన్లు లెక్క తేలాయి. ఒక్కసారి కూడా మనిషిని చూడలేదు.

ఈ అక్టోబరు 28న మా అక్క కూతురు సుమతి హైదరాబాదు నుంచి వచ్చి నాలుగు రోజులు ఉంది. వెబ్ పేజీలు చెయ్యడమే ఆమె ఉద్యోగం. "పిన్నీ, ఇది ఏ కాలం నాటి పేజీ?" అని నవ్వి, వచ్చిన రోజే కొత్తగా చేసి పెట్టింది. లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి అంచులు. నాకు నచ్చింది. ఆ మాట దాచను.

నవంబరు 14న ఉరుకుందమ్మ ఫోన్ చేసింది. ఒకటో తేదీ కాదు కాబట్టి ఏదో జరిగిందని అప్పుడే అనుకున్నాను.

"లెక్కలమ్మా, ఆ అచ్చుకు నలభై ఆరు అంగుళాలంటే ఇరవై నాలుగు పుంజాలని నీ పేజీలో ఉండాది. అట్లనే పోసినా. ఒక పుంజం మిగిలిపాయ."

కంప్యూటరు ముందే ఉన్నాను. చూశాను. నలభై ఆరు అంగుళాలకు ఇరవై మూడు. ఎదురుగా, స్పష్టంగా.

"ఇక్కడ ఇరవై మూడనే ఉంది ఉరుకుందమ్మగారూ. మీరు కింది గీతలోది, నలభై ఎనిమిదికి ఉన్నది, చదివి ఉంటారు. కళ్లద్దాలు మార్చుకోండి."

నా మాట అక్కడ పైకి వినిపించేలా పెట్టినట్టుంది. వెనక ఎవరో మగమనిషి "విన్న్యావా?" అన్నాడు. ఆమె "అట్లనా" అని పెట్టేసింది.

డిసెంబరు ఒకటిన ఫోన్ రాలేదు. ఒకటి, రెండు, మూడు తేదీల్లో నేనే చేశాను. మోగింది, ఎత్తలేదు. పేజీని కాగితం మీద ముద్రించుకుని, ఎనిమిదో తేదీ సోమవారం బయలుదేరాను.

గుంతకల్లు దాటాక

మా వైపు రైలు కిటికీలోంచి నీళ్లు కనిపిస్తాయి. కాలువ, వరి, మళ్లీ కాలువ. గుంతకల్లులో బండి మారాక నీళ్లన్నవే లేవు. నల్లరేగడి, దాని మీద తెల్లగా పత్తి, ఆకాశం చాలా ఎత్తున. బండి మెల్లగా పోతుంటే నాకు సగం నిద్ర, సగం మెలకువ. చేలన్నీ పట్టికలుగా కనిపించాయి. ప్రతి గడిలో ఒక తెల్ల కాయ. అక్కడక్కడ మొక్క రాని చోట ఖాళీ. కళ్లు మూసుకుని ఖాళీలు లెక్కపెట్టుకుంటూ ఉంటే అవి ఒకదాని మీద ఒకటి జారిపోతున్నట్టనిపించింది. నిద్ర కమ్మితే అంకెలు నిలవవు, నాకు అలవాటే.

ఎదుటి సీట్లో నా కంటే పదేళ్లు చిన్నదైన ఒకామె గుడ్డ మూట విప్పి జొన్నరొట్టె తుంచింది. శెనక్కాయల పొడి వేసి ఒక ముక్క నా చేతిలో పెట్టింది. అడగలేదు, పెట్టేసింది. మా వైపు "తీసుకుంటారా?" అని రెండుసార్లు అడిగి, రెండుసార్లు వద్దనిపించుకుని, మూడోసారి పెడతాం.

"యాడికి పోతాండావమ్మా?"

"ఆదోని. అక్కణ్నుంచి ఎమ్మిగనూరు."

"సుట్టాలున్నారా?"

"లేరు. ఒక లెక్క తేల్చాలి."

"లెక్కకు ఇంత దూరమొస్తివా? ఫోన్లో సెప్తే పోయేది గదా."

"చెప్పాను. అప్పటి నుంచీ ఆమె ఫోన్ ఎత్తడం లేదు."

ఆమె ఇంకో ముక్క తుంచి పొడి అద్దింది. "అట్లయితే ఏం సెప్తివో, ఎట్ల సెప్తివో" అంది. ఆ తర్వాత ఆదోని దాకా ఆమె కిటికీ వైపే చూసింది, నేనూ అటే చూశాను.

ఆదోని, మంగళవారం

పత్తి బండ్లు వచ్చే నెలల్లో ఆదోనిలో గాలిలో కూడా దూది ఉంటుంది. బోరేలు, అంటే పత్తి కుక్కిన పెద్ద గోనె సంచులు, కట్టిన ట్రాక్టర్లు మార్కెట్ యార్డు వైపు పోతుంటే వాటి వెనక దూది నలుసులు తేలుతూ వస్తాయి. కింద పడవు. కరెంటు తీగల మీద, సైకిళ్ల చక్రాల్లో, టీ గ్లాసు అంచు మీద వాలతాయి. ఎండ పడితే ఒక్కొక్కటీ వెలుగుతుంది. కోట కొండ వాటి వెనక ఉన్నట్టే ఉండి దూరమైపోతుంది. హోటల్లో కూర్చునేసరికి నా కుచ్చిళ్ల మీద పదకొండు నలుసులున్నాయి.

ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను, ప్లేటు నలభై రూపాయలు. మా తెనాలిలో మరమరాలు పొట్లంలో కరకరలాడాలి. తడిస్తే పాడైపోయాయంటాం. ఇక్కడ వాటినే నీళ్లలో నానబెట్టి, పిండి, పోపు వేసి, పప్పుల పొడి చల్లి పొద్దున్నే తింటారు. నేను ముందు ఉగ్గాని తిని తర్వాత బజ్జీ కొరుకుతుంటే వడ్డించే ఆమె ఆగిపోయింది.

"అట్ల కాదు పెద్దమ్మా. బజ్జీ కొరికి, ఆ కారం మీద ఉగ్గాని తినాల. నువ్వు తిరగేస్తివి."

తిరగేసి తిన్నాను. ఆమె చెప్పిందే సరి.

ఆదోనిలో ఆగడానికి కారణం ఒక దుకాణం. ఉరుకుందమ్మ తన ఫోన్ అక్కడే కొన్నానని ఎప్పుడో చెప్పింది. అలాంటి ఫోనే ఒకటి కొని, నా పేజీ తెరిచి, కాగితంతో పాటు అదీ ఆమె ముందు పెడదామని నా ఆలోచన. పెద్ద మసీదుకు పోయే బజారులో, పాత ఫోన్లు బాగుచేసే చిన్న గది అది. యజమాని ఖాదర్ బాషాకు నలభై అయిదేళ్లుంటాయి.

"కూసోండమ్మా. ఏ ఊరు?"

"తెనాలి."

"ఫోను సెడిపోతే తెనాల్లో అంగళ్లే లేవా?"

"ఫోను బాగానే ఉంది. మీరు తొమ్మిదేళ్ల కిందట ఎమ్మిగనూరు ఉరుకుందమ్మకు అమ్మిన ఫోన్ లాంటిది కావాలి."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఉరుకుందమ్మ. పడుగులామె. నాలుగో వరుస, కుడి నుంచి రెండోది."

అప్పుడు చూశాను ఆయన వెనక గోడకున్న చెక్కలను. ఆరు వరుసల్లో ఫోన్లు. బటన్లవి, చిన్న అద్దంవి, పెద్ద అద్దంవి. అన్నీ ఛార్జింగు తీగలతో, అన్నీ వెలుగుతూ.

"ఇవి అమ్మనమ్మా. నేనమ్మిన ఒక్కో రకానికి ఒకటి పెట్టుకుంటా. ఆలూరు కాడ్నుంచి ఒకాయన ఫోన్ చేసి 'అప్పా, నాది పని చేయల్యా' అంటాడు. ఆయన చేతిలో ఉండేదే నా చేతిలో ఉంటేనే గదా, 'కింది బటన్ నొక్కు, ఇప్పుడు పైది' అని సెప్పేది. ల్యాకుంటే ఆయన కండ్లతో నేనెట్ల సూసేది?"

నాలుగో వరుసలో రెండో ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. అరచేతిలో పట్టేంత అద్దం. నా పేజీ చిరునామా కొట్టాను. పేజీ మెల్లగా వచ్చింది, ఆకుపచ్చ లేకుండా, గుండ్రటి అంచులు లేకుండా. ఎడమ పక్క వెడల్పులు, కుడి పక్క పుంజాలు. కాగితం విప్పి పక్కన పెట్టుకున్నాను.

ముప్పై ఆరు అంగుళాలకు పద్దెనిమిది. సరి. ముప్పై ఎనిమిదికి పంతొమ్మిది. సరి. నలభైకి ఇరవై ఒకటి.

నలభైకి అంకే ఉండకూడదు. ఆ నంబరు అచ్చును ఆ వెడల్పులో కట్టరు.

నలభై రెండుకు ఇరవై రెండు. నలభై నాలుగుకు ఇరవై మూడు. నలభై ఆరుకు ఇరవై నాలుగు. అట్టడుగున యాభై అంగుళాల ఎదురుగా ఏమీ లేదు.

కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాను. మళ్లీ తుడిచి మూడోసారి చూశాను. అంకెలు కదలలేదు.

ఇది చదివేవారందరికీ వెబ్ పేజీల సంగతి తెలియకపోవచ్చు కాబట్టి కొంచెం చెబుతాను. పేజీని తెరిచి చూపించేదాన్ని బ్రౌజర్ అంటారు. ఒక్కో ఫోన్లో ఒక్కో రకం ఉంటుంది, కొత్తవీ పాతవీ. పేజీ ఎలా రాయాలో, బ్రౌజర్ దాన్ని ఎలా చదవాలో చెప్పే నియమాలు ఉన్నాయి. అవి ఏ ఒక్క కంపెనీ సొత్తూ కావు, ఎవరైనా చదువుకోవచ్చు. వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఒకటుంది. అలంకారం గురించి తనకు తెలియని కొత్త మాట ఎదురైతే బ్రౌజర్ గొడవ చెయ్యకూడదు. దాన్ని దాటేసి, తెలిసినంత వరకు చూపించాలి. ఎంతో మర్యాదైన నియమం. అయితే రాసేవారు జాగ్రత్తగా లేకపోతే తప్పు కూడా అంతే మర్యాదగా, చప్పుడు లేకుండా జరిగిపోతుంది.

నేను మొదట రాసినప్పుడు పట్టికను పట్టికగానే రాశాను. ఏ బ్రౌజరైనా దాన్ని పట్టికగానే చదువుతుంది. నలభై ఎదురుగా ఖాళీ గడిలో ఒక అడ్డగీత పెట్టాను. సుమతి పట్టికను తీసేసి, వెడల్పులకు ఒక వరుస పెట్టెలు, పుంజాలకు ఒక వరుస పెట్టెలు చేసి, దేని ఎదురుగా ఏది నిలబడాలో కొత్త మాటల్లో చెప్పింది. అడ్డగీత అందంగా లేదని తీసేసింది. కొత్త ఫోన్లకు ఆ మాటలు తెలుసు కాబట్టి ఖాళీ పెట్టెకు కూడా చోటు ఉంచాయి. పాత ఫోన్‌కు తెలియవు. లోపల ఏమీ లేని పెట్టెకు అది ఎత్తు ఇవ్వలేదు. కింది అంకెలన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి.

ఖాదర్ బాషా ఇంకో ఏడు ఫోన్లు దించాడు. నాలుగింట్లో సరిగ్గా ఉంది, మూడింట్లో జరిగి ఉంది. నోటుబుక్కులో రాసుకున్నాను.

"మీ పాత పేజీ నాకు యాదుందమ్మా" అన్నాడాయన. "ఎమ్మిగనూరు మగ్గాలోళ్లు ఫోను కొనేటప్పుడు 'లెక్కలమ్మ పేజీ తెరువప్పా' అంటారు. అది తెరుచుకుంటే ఫోను మంచిదని లెక్క. నేను బేఫికర్‌గా అమ్మేస్తా. మొన్న తెరిస్తే రంగులొచ్చినాయి. సరేలే, పెండ్లి చేసినారేమో దానికి అనుకున్నా."

బయట అరుగు మీద కూర్చుని సుమతికి ఫోన్ చేశాను.

"పిన్నీ, ఆ బ్రౌజర్‌ని తయారుచేసిన కంపెనీయే పట్టించుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఎవరు వాడుతున్నారు దాన్ని?"

"ఉరుకుందమ్మ వాడుతోంది."

"ఒక్కరి కోసం..."

"ఆమె పోసిన పడుగు మీద వీధి అంతా నేస్తుంది సుమతీ. ఆమె సరిగ్గా చదివింది. తప్పు చదివావని నేనన్నాను."

"నేను చూడకుండా పెట్టాను, నాదే తప్పు పిన్నీ" అంది. చూడకుండా ఒప్పుకున్నది నేను, అన్నాను. పట్టికను పట్టికగా మళ్లీ రాసే పని నాది, రంగులు దాని మీద పైపైన, అవి రాకపోయినా అంకె చెడకుండా వేసే పని ఆమెది అని ఒప్పందం చేసుకున్నాం.

ఆ సాయంత్రం యార్డు గోడ పక్కన నడిచాను. లోపల పత్తి గుట్టలు ఎండ దిగాక నీలంగా మారుతున్నాయి. జనం మాటలు దూదిలోంచి వచ్చినట్టు మెత్తగా వినిపించాయి. నా అడుగుల చప్పుడు నాకే వినపడలేదు. చూపించాలని తెచ్చిన కాగితం చేతిలోనే ఉంది. ఎక్కడ వదిలేశానో తెలియదు, బసకు చేరేసరికి లేదు.

ఎమ్మిగనూరు, బుధవారం

ఇరవై ఎనిమిది కిలోమీటర్ల బస్సు దారి. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు ఎక్కారు, తలకు తువ్వాళ్లు చుట్టుకుని. పెద్దకడుబూరు వైపు పోయేవాళ్లు ఒకచోట దిగారు. బస్సు ఖాళీ అయ్యాక వెలుతురు మాత్రమే సీట్ల మీద కూర్చుని ఊగుతూ వచ్చింది. నోటుబుక్కు చూసుకుందామని సంచిలో చెయ్యి పెడితే కళ్లద్దాలు లేవు. రెండుసార్లు తుడిచిన కళ్లద్దాలు ఖాదర్ బాషా బల్ల మీదే ఉండిపోయాయి. ఇంకొకరిని కళ్లద్దాలు మార్చుకోమన్న మనిషిని నేను.

మగ్గాల వీధిని ఎవరినీ అడగక్కర్లేదు. చప్పుడు తీసుకుపోతుంది. ఒక ఇంట్లో మగ్గం ఆగితే పక్కింటిది అందుకుంటుంది. నడుస్తూ ఉంటే వీధి మొత్తం ఒకే గుడ్డ నేస్తున్నట్టుంటుంది.

ఉరుకుందమ్మ ఇల్లు మాత్రం నిశ్శబ్దంగా ఉంది. వసారాలో పడుగు పోసే పెద్ద కర్ర చక్రం ఉంది, నిలువెత్తున. దాని బద్దల మీద తువ్వాళ్లు, ఒక లంగా ఆరేసి ఉన్నాయి. ఆమె బియ్యం ఏరుతోంది. నేను ఊహించిన దానికంటే సన్నగా, పొట్టిగా ఉంది. యాభై దాటి ఉంటాయి.

"నేను తెనాలి నుంచి..."

"గొంతు తెలుస్తాది" అంది, చేట దించకుండా. "కూచో లెక్కలమ్మా. నీళ్లు తాగు. సదువుకున్నదానివి, ఇంత దూరం కండ్లద్దాలు ఇచ్చేకి వచ్చినావా?"

"నావే ఆదోనిలో పోగొట్టుకుని వచ్చాను."

ఆమె తల ఎత్తి నా ముఖం చూసింది. నవ్వలేదు గానీ చేట పక్కన పెట్టింది.

ఆదోనిలో చూసింది మొత్తం చెప్పాను. మా వైపు తప్పు ఒప్పుకోవాలంటే ముందు కాఫీ, కుశలం, ఎండల సంగతి ఉంటాయి. ఇక్కడ వాటికి చోటు దొరకలేదు. "మీరు సరిగ్గానే చదివారు. నా పేజీయే మీ ఫోన్లో తప్పు చూపించింది. నేను చూడకుండా మాట అన్నాను" అన్నాను.

ఆమె చీర మీది నూక దులుపుకుంది. తర్వాత లేచి, "రా, ఈరన్న మగ్గం సూద్దువు" అంది.

ఈరన్న ఇల్లు నాలుగో గుమ్మం. అరవై ఏళ్ల మనిషి, గుంటలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. ఆనాడు ఫోన్లో వినిపించిన గొంతు ఆయనదే. తప్పు జరిగింది ఆయన పడుగులోనే. వియ్యంకుడి ఇంటి నుంచి కొత్త అచ్చు తెచ్చుకున్నాడట. వీధి అచ్చుల లెక్కలన్నీ ఉరుకుందమ్మకు నోటికి వచ్చు, ఇది కొత్తది కాబట్టి పేజీ చూసింది.

మగ్గం మీద ఒక పడుగు అయిపోతే వీళ్లు దాని చివరలను పీకెయ్యరు. అచ్చులోనే వదిలేస్తారు; వియ్యంకుడి అచ్చు కూడా అలా పాత పోగులతోనే వచ్చింది. కొత్త పడుగులో ఒక్కొక్క పోగునూ పాత పోగు చివరకు, వేళ్లకు బూడిద అద్దుకుని మెలివేసి అతుకుతారు. పాతది కొత్తదాన్ని అచ్చులోంచి తనతో లాక్కుపోతుంది. రెండు వేల ఏడు వందల అరవై పోగులు అతికాక, నాకు ఫోన్ చేసిన రోజు, ఇంకా నూట ఇరవై మిగిలాయి. వాటికి జతగా అచ్చులో పాత పోగు లేదు. ఈరన్న వాటిని కోసెయ్యలేదు. ముడివేసి మగ్గం పక్కకు కట్టాడు. కిటికీ వెలుగులో అవి ఎవరిదో జడలా వేలాడుతున్నాయి. చేత్తో పట్టుకుని చూశాను. దాదాపు బరువే లేదు.

ఇచ్చిన నూలు అంతే కాబట్టి పోగులు ఎక్కువైతే పొడవు తగ్గుతుంది. నలభై నాలుగు మీటర్లు రావలసింది రెండు మీటర్లకు కొంచెం తక్కువ తగ్గింది. ఉరుకుందమ్మ కొలతలో నాలుగు మూరలు. ఏడు చీరల్లో ఆరు పూర్తిగా వస్తాయి, ఏడోదానికి కొంగు ఉండదు.

"కొంగు ల్యాని సీర ఎవురు కట్టుకుంటారమ్మా?" అన్నాడు ఈరన్న. "నూలు పోతే పోయింది. ఈయమ్మ ఇరవై ఏండ్లలో ఒక పోగు తప్పింది ల్యా. ఆరోజు నువ్వే ఫోన్లో అంటివి, కింది గీత సదివిందని. సదువుకున్నామె సెప్పిందని నేనూ అనుకున్నా."

"నీతో పాటు వీదంతా అనుకునె" అంది ఉరుకుందమ్మ. "నెల నుంచి ఒక్క పడుగు రాల్యా. అందరూ పక్క వీదిలో పోయించుకుంటాండారు. నా సక్రం మీద గుడ్డలారేసినా."

అప్పుడు నాకు తెలిసింది, నా పేజీ బాగుపడటం ఆమెకు సగం పనే అని. అంకె సరి అయితే రేపు ఆమె చదివేది సరి అవుతుంది. నెల కిందట చదివింది మాత్రం తప్పుగానే మిగులుతుంది.

వసారాలో

నా చిన్న కంప్యూటరు తెరిచాను. అక్షరాలు పెద్దవి చేసుకుంటే దాని మీద కనిపిస్తుంది గానీ ఫోన్ అద్దం నాకు మసక. ఉరుకుందమ్మ తన ఫోన్ పట్టుకుని పక్కన కూర్చుంది. నేను పట్టికను మళ్లీ పట్టికగా రాశాను. నలభై ఎదురుగా అడ్డగీత పెట్టాను. ఇంకోటి కూడా చేశాను. ప్రతి అంకె పక్కనే దాని వెడల్పును కూడా రాశాను, ఏ ఫోన్ ఎలా చూపించినా ఒకదాన్నుంచి ఒకటి విడిపోకుండా. ముందే అలా రాసి ఉండవలసింది.

"ఇప్పుడు తెరవండి. ఏముందో చదవండి."

"నువ్వు సూసుకోవా?"

"నాకు కనిపించదు. మీరు చదివిందే లెక్క."

ఆమె ఒక్కో గీతా పైనుంచి కిందికి చదివింది, బడిపిల్ల ఎక్కాలు అప్పజెప్పినట్టు కాదు, దారం వేలితో తడిమి చూసినట్టు. నలభై దగ్గర ఆగి "గీత" అంది. నలభై ఆరు దగ్గర "ఇరవై మూడు" అంది. యాభై దగ్గర "ఇరవై ఐదు" అని ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

నేను తెనాలి నుంచి వచ్చానన్న మాట అప్పటికే వీధిలో పాకింది. అటూ ఇటూ మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. తొమ్మిది మంది వచ్చారు, తొమ్మిది ఫోన్లతో. కొన్ని కొత్తవి, కొన్ని ఖాదర్ బాషా చెక్క మీద చూసినవే. ఒకాయన ఫోన్‌కు అద్దం పగిలి సాలెగూడులా ఉంది. అన్నిట్లో తెరిపించాను. నలభై ఆరు ఎదురుగా ఏముందని ఒక్కొక్కరినీ అడిగాను. తొమ్మిది గొంతులు తొమ్మిదిసార్లు ఇరవై మూడు అన్నాయి. మధ్యాహ్నపు ఎండలో మగ్గాల చప్పుడు లేని ఆ వీధిలో ఆ మాట వింటుంటే నాకు మళ్లీ రైల్లో ఉన్నట్టనిపించింది.

"ఇప్పుడు సరిపాయ గదా" అన్నాడు ఈరన్న. "ఏదో ఒకటి, దొర్లిపోయింది. ఇంక మరిచిపోదాం."

ఉరుకుందమ్మ ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగింది. "లెక్కలమ్మా, బడిలో పుస్తకంలో తప్పు పడితే ఏం సేస్తారు?"

"తప్పు ఇదీ, సరైనది ఇదీ అని కాగితం వేసి అంటిస్తారు."

"నీ పేజీకి అంటించు."

పట్టికకు పైన, అన్నిటికంటే ముందు కనిపించే చోట రాశాను. అక్టోబరు 28 నుంచి డిసెంబరు 10 వరకు, రెండు తేదీలూ కలిపి నలభై నాలుగు రోజులు, పాత ఫోన్లలో ఈ పట్టిక తప్పుగా కనిపించిందని. ముప్పై ఎనిమిది అంగుళాల తర్వాత అంకెలన్నీ ఒక గీత పైకి జరిగాయని. ఆ తప్పు పేజీ రాసిన నాదని. రాసింది పైకి చదివాను.

"మీ పేరు పెట్టనా?"

ఆమె ఆలోచించింది. "నా పేరు యాల? 'సదివినోళ్లు సరిగ్గానే సదివినారు' అని రాయి. సాలు."

ఆ వాక్యం చేర్చాను. ఇప్పుడు తెరవమన్నాను. మొదట ఎవరూ పైకి చదవలేదు. ఈరన్న తన ఫోన్‌ను దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చివరిదాకా చదువుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని మొత్తం పైకి చదివాడు, తేదీలతో సహా. చివరి వాక్యం మాత్రం రెండుసార్లు చదివాడు. ఫోన్ జేబులో పెట్టుకుని ఇంటి వైపు నడిచాడు.

మిగిలినవాళ్లు అటే చూస్తున్నారు. ఉరుకుందమ్మ చేట తీసుకుని బియ్యం ఏరసాగింది.

కాసేపటికి ఈరన్న వచ్చాడు. భుజం మీద గుడ్డ మూట. వసారాలో దించి విప్పాడు. నూలు చిలపలు, అంటే కొలిచి చుట్టిన దారపు కట్టలు, తెల్లగా, మెత్తగా, ఒకదాని మీద ఒకటి.

"నలభై ఆరు అంగుళాలకు పొయ్యి. ముప్పై ఆరు చిలపలుండాయి. ఇంట్లో లెక్కబెట్టే తెచ్చినా."

ఆమె చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. ఒక్కో చిలపను ఎత్తి ఎడమ పక్క నుంచి కుడి పక్కకు పెడుతూ పైకి లెక్కపెట్టింది. తొందర లేదు. వీధి మొత్తం నిలబడి వింటోంది. అయిపోయాక మళ్లీ కుడి నుంచి ఎడమకు లెక్కపెట్టింది. చేతులు దులుపుకుంది.

"ముప్పై ఐదు. ఒకటి తక్కువుండాది. పోయి తేప్పా."

ఈరన్న చిలపల వైపు చూశాడు. ఒకసారి వాటి వైపు చెయ్యి చాపాడు, తనూ లెక్కపెడదామన్నట్టు. చాపిన చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

"తెస్తా" అని వెళ్లాడు.